బోల్తా పడిన పడవను వదలరాదు
హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు నేర్పే తొలి పాఠం – చెరువుల్లో, ఏళ్లలో తిరిగే వారికీ అవసరమే

సికింద్రాబాద్: వర్షాకాలంలో మధ్యాహ్నం వేళ ట్యాంక్‌బండ్ మీద నిలబడి సాగర్ వైపు చూసేవారికి తెల్లని తెరచాపలు వేసుకున్న చిన్న చిన్న పడవలు కనిపిస్తాయి. పడమటి గాలి జోరుగా వీచినప్పుడు వాటిలో ఒకటి ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, తెరచాప నీళ్ల మీద పరచుకుంటుంది. గట్టున నిలబడ్డవారు "మునిగింది, మునిగింది" అని కేకలు పెడతారు. ఒకటి రెండు నిమిషాలు గడిచేసరికి అదే పడవ తిరిగి లేచి, తడిసిన కుర్రవాడితో సహా ఏమీ జరగనట్టే సాగిపోతుంది. చూసినవారికి ఇది గారడీలా వుంటుంది. గారడీ ఏమీ లేదు. ఆ కుర్రవాడు పడవ నడపడం కన్నా ముందు, బోల్తా పడిన పడవను లేపడం నేర్చుకున్నాడు.

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562లో హుసేన్‌షావలీ ఆధ్వర్యంలో తవ్విన ఈ చెరువు ఒకప్పుడు నగరానికి మంచినీళ్లు ఇచ్చేది. ఇప్పుడు ఆ నీళ్లు తాగడానికి కాదు గదా, నోట్లోకి పోనివ్వడానికి కూడా పనికిరావు. నాలాల వెంట వచ్చే మురుగు అలాంటిది. అయినా తెరచాప పడవలకు మాత్రం దేశంలో పేరున్న తావులలో ఇది ఒకటి. సైన్యంలోని ఇ.ఎం.ఇ. దళానికి చెందిన సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఇక్కడే వున్నాయి. 1980ల నుంచి వర్షాకాలంలో జరుగుతున్న హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలకు దేశం నలుమూలల నుంచి పడవవాళ్లు వస్తారు. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలను, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను చేర్చుకొని శిక్షణ ఇస్తున్నది. అంతకు ముందు నీళ్లంటే బావి, కుంట తప్ప ఎరుగని పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు.

ఇది దొరబాబుల ఆట, మనకెందుకని పల్లెవాసులు అనుకోవచ్చు. 2023 ఆసియా క్రీడల్లో తెరచాప పడవల పోటీలో వెండి పతకం గెలిచిన అమ్మాయి మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు బిడ్డ. ఆమె సాధన చేసింది సముద్రంలో కాదు, భోపాల్ చెరువులో. ఆట సంగతి పక్కన పెట్టినా, చెరువులో చేపలు పట్టేవారు, పుట్టిలో ఏరు దాటేవారు, నిమజ్జనం నాడు తెప్ప ఎక్కేవారు తెలుసుకోదగ్గ సంగతులు ఈ శిక్షణలో చాలా వున్నాయి.

పడవ ఎందుకు పడుతుంది?

పడవ నిలబడడానికి, పడిపోవడానికి కారణం ఒక్కటే – బరువు ఎక్కడ వున్నదన్నది. బరువు అడుగున, నడుమ వుంటే పడవ ఒరిగినా మళ్లీ నిటారుగా వస్తుంది. బరువు పైకి పోయినా, ఒక పక్కకు జరిగినా ఒరిగిన పడవ ఇక తిరిగి రాదు. నిండుగా గడ్డి వేసిన బండి ఎత్తయిన కొద్దీ గతుకుల్లో ఎలా తిరగబడుతుందో రైతులకు చెప్పనక్కరలేదు.

దీనికి పెద్ద ఉదాహరణ హుస్సేన్‌సాగర్‌లోనే వుంది. 1990 మార్చి 10న సుమారు 350 టన్నుల ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద చెరువు నడుమకు తీసుకుపోతుండగా, ఒడ్డు నుంచి కొద్ది దూరం పోగానే బార్జి ఒరిగింది. విగ్రహం జారి నీళ్లలో పడింది. పనిలో వున్నవారు పలువురు చనిపోయారు. ఆ విగ్రహం రెండేళ్లకు పైగా చెరువు అడుగున పడి వుండి, 1992 డిసెంబరు 1న తన పీఠం ఎక్కింది. అంత బరువు ఒక వైపు కొంచెం మొగ్గితే చాలు, ఆ మొగ్గు ఇంకొంచెం మొగ్గుకు కారణమవుతుంది. ఆ తర్వాత ఆపడం మనిషి చేతిలో వుండదు.

పుట్టికీ ఇదే సూత్రం. పుట్టికి ముక్కు లేదు, వెనుక లేదు, కింద దూలం లేదు. అందరూ అడుగున చుట్టూ కూర్చున్నంత సేపు అది గట్టిదే. చేప పడిందనో, ఒడ్డు దగ్గరకు వచ్చిందనో నలుగురు ఒకే వైపు లేచి నిలబడితే చాలు. ఒడ్డు చేరే ముందు తొందరపడి లేవడం వల్ల బోల్తా పడిన పడవలు ఎన్నో.

తెరచాప పడవకు మరో శత్రువు గాలి. లేజర్ అనే ఒంటరి మనిషి పడవను తీసుకుంటే, దాని పొడవు 4.2 మీటర్లు, బరువు 59 కిలోలు. దానికి కట్టిన తెరచాప మాత్రం 7 చదరపు మీటర్లు. అంటే మంచం పరుపు కన్నా మూడు నాలుగింతలు పెద్ద గుడ్డను గాలికి ఎదురుగా నిలబెట్టి, దాన్ని ఒక మనిషి తన ఒంటి బరువుతో ఆపాలి. గాలి పెరిగితే పడవ అంచు మీద కూర్చొని, పాదాలను లోపలి పట్టీలకు తగిలించి, వీపును నీళ్ల మీదకు వాల్చి వేలాడుతాడు. అదే అతని తక్కెడ.

నగరంలో గాలి ఒకే తీరుగా రాదు. చుట్టూ వున్న భవనాల సందుల్లో నుంచి తోసుకుంటూ వస్తుంది. ఒక క్షణం చచ్చిపోతుంది, మరుక్షణం చెంపదెబ్బ కొట్టినట్టు కొడుతుంది. దాన్ని ముందుగా కనిపెట్టవచ్చు. గాలి తెర వచ్చే చోట నీటి మీద సన్నని ముడతలు లేచి, ఆ మేర నీరు నల్లబడి కనిపిస్తుంది. ఆ నల్లని మరక తన వైపు నడిచి వస్తుంటే పడవవాడు మూడు పనులకు సిద్ధంగా వుంటాడు: తెరచాప తాడును వదులు చేయడం, చుక్కాని తిప్పి ముక్కును గాలి వైపు మళ్లించడం, ఒంటిని బయటకు వాల్చడం. ఇందులో ముఖ్యమైనది మొదటిదే. తాడు వదిలితే తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది, గాలి బలం పోతుంది, పడవ నిటారుగా నిలుస్తుంది.

అందుకే తెరచాప తాడును ముడి వేసి కట్టేయకూడదని నేర్పుతారు. చేయి నొప్పి పుట్టినా పట్టుకొనే వుండాలి. ముడి వేసిన తాడు గాలి దెబ్బ తగిలినప్పుడు విప్పడానికి వీలు కాదు. తడిసిన ముడి సంగతి మోట తోలినవారిని అడగాలి.

రెండో ప్రమాదం గాలి వెనుక నుంచి వస్తున్నప్పుడు. తెరచాప అడుగున వుండే అడ్డకర్రను బూమ్ అంటారు. వెనుక గాలిలో దారి మళ్లితే ఆ కర్ర ఒక్క ఊపున ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చి పడుతుంది. తల వంచనివాడికి తల పగులుతుంది, తల వంచి ఒళ్లు రెండో వైపుకు జరపనివాడికి పడవ పడుతుంది. సాగర్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా నీళ్లలో పడేది ఇక్కడే.

లేపడం ఎలా?

పడడం తప్పు కాదు. పడిన తర్వాత చేసే మొదటి పని మీదే బతుకు ఆధారపడి వుంటుంది. ఆ మొదటి పని ఏమిటంటే – పడవను పట్టుకోవడం. ఒడ్డు దగ్గరే కదా అని ఈదడం మొదలుపెట్టరాదు. నీటి మీద నుంచి చూస్తే ఒడ్డు దగ్గరగా కనబడుతుంది. ఈత వచ్చిన మనిషి కూడా బట్టలతో, అలలకు ఎదురుగా, భయంతో ఈదితే త్వరలోనే అలసిపోతాడు. వెతకడానికి వచ్చినవారికి పడవ ఆనవాలు దొరుకుతుంది గాని, నీళ్లలో తేలే తల దొరకదు.

ఈ మాట ఎంత నిజమో 1979 ఆగస్టులో ఐర్లాండ్ సముద్రం వైపు జరిగిన ఫాస్ట్‌నెట్ పందెం చూపింది. తుఫానులో చిక్కుకొని 15 మంది పందెగాళ్లు చనిపోయారు. సిబ్బంది వదిలేసి పోయిన పడవలు 24. వాటిలో మునిగినవి 5 మాత్రమే. తక్కిన 19 తర్వాత తేలుతూ దొరికాయి. పడవ మునిగిపోతుందని దాన్ని వదిలి రబ్బరు తెప్పలెక్కినవారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకోగా, వారు వదిలిన పడవలు మిగిలాయి.

ఇక లేపే పద్ధతి. పడవ పక్కకు పడినప్పుడు దాని అడుగున నిలువుగా దిగివుండే పలక, అంటే డాగర్‌బోర్డు, నీటికి పైన అడ్డంగా కనిపిస్తుంది. పడవవాడు చేతిని పడవ నుంచి తీయకుండా చుట్టూ ఈదుకుంటూ ఆ వైపుకు చేరుకోవాలి. పోయేముందు తెరచాప తాడు బిగిసి వుంటే వదులు చేయాలి. ఇది మరిస్తే పడవ లేచీ లేవగానే తెరచాపలో గాలి నిండి మళ్లీ పడుతుంది. ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకోవడం కూడా అందుకే.

పలకను రెండు చేతులా పట్టుకొని కిందికి వేలాడితే చాలాసార్లు పడవ కదులుతుంది. కదలకపోతే దాని మీదికి ఎక్కి నిలబడాలి. చివర నిలబడితే బలం ఎక్కువ పనిచేస్తుంది, కాని పలక విరిగే ప్రమాదం వుంది. అందుకని మొదట పడవకు ఆనుకొని వున్న మొదలు మీద అడుగు పెట్టి, అవసరాన్ని బట్టి కొంచెం కొంచెంగా బయటకు జరుగుతారు. పడవ అంచును పట్టుకొని వెనక్కి వాలితే, ఒంటి బరువు ఏతంలాగా పనిచేస్తుంది. తెరచాప నీళ్లను విడిచే క్షణం వరకు పడవ మొండికేస్తుంది. తెరచాప మీద నిలిచిన నీళ్లు జారిపోవడానికి కొంత సమయం ఇవ్వాలి. గబగబా గుంజి లాభం లేదు, నిదానంగా వాలి వుండాలి. నీళ్లు జారగానే ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు అంచు మీదుగా లోపలికి దొర్లాలి. మరో వైపు పడకుండా చూసుకోవాలి.

ఆలస్యం చేస్తే పడవ పూర్తిగా తలకిందులై తాబేలులా అడుగు పైకి చూపుతుంది. తెరచాప స్తంభం ఇంచుమించు 6 మీటర్లు. హుస్సేన్‌సాగర్ వంటి పూడిక చెరువులో దాని కొన అడుగు బురదలో గుచ్చుకుంటుంది. అలాంటప్పుడు ఒక్కడి బలం చాలదు, లాగడానికి రక్షణ పడవ రావాలి. తొందరగా గుంజితే స్తంభం వంగిపోతుంది. అందువల్లనే పడిన మొదటి కొన్ని సెకన్లలో పలక మీద బరువు వేయాలని పిల్లలకు మరీ మరీ చెబుతారు.

చిన్న పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే పెట్టె వంటి పడవ ఇస్తారు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని గీశాడు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. లోపల గాలి నింపిన సంచులు కట్టి వుంటాయి గనుక నీళ్లు నిండినా మునగదు. కాని లేచిన తర్వాత నిండా నీళ్లే. వాటిని తోడడానికి ఒక డబ్బా వుంటుంది, అది తాడుతో పడవకు కట్టి వుంటుంది. కట్టని డబ్బా అవసరానికి వుండదు. పడవ పడినప్పుడు అదే ముందు కొట్టుకుపోతుంది. పుట్టిలోనూ తోడే చిప్పకు, తెడ్డుకు ఒక మూర తాడు కట్టుకుంటే పైసా ఖర్చు లేదు.

బోల్తా పడినప్పుడు మనిషి తెరచాప కింద చిక్కుకోవచ్చు. కొత్తవాళ్లు భయపడేది దీనికే. అరచేత్తో గుడ్డను పైకి తోస్తే కింద కాస్త గాలి చేరుతుంది. ఆ కుట్టు వెంట ఒకే దిక్కుగా చేయి నడిపించుకుంటూ పోతే అంచు వస్తుంది. పడవ కింద చిక్కితే అక్కడా పైన గాలి నిలిచి వుంటుంది. నాలుగు ఊపిరులు పీల్చుకొని, కాళ్లకు తాళ్లు చుట్టుకోలేదని చూసుకొని, అంచు పట్టుకొని పక్క నుంచి బయటకు రావాలి. శిక్షణలో పిల్లల చేత ఇది కావాలనే చేయిస్తారు. ఒకసారి కింద వుండి వచ్చినవాడికి రెండోసారి గుండె దడ తగ్గుతుంది. నోరు మూసుకోవడం మాత్రం మరవరాదు. సాగర్ నీళ్లకు ఇది మరీ అవసరం.

మన పడవలు వేరు

లేజర్ పడవ మూసిన డబ్బా వంటిది, లోపల గాలి. మన చెరువుల్లో, ఏళ్లలో తిరిగేవి అలా కావు. వెదురు పుట్టి నీళ్లు నిండినా తేలుతుంది గాని మనుషులను మోయదు. కొయ్య నాటు పడవ అంచు దాకా మునిగి తేలుతుంది. ఇంజను బిగించిన ఇనుప పడవ, గాలి గదులు లేనిదైతే, నేరుగా అడుగుకు పోతుంది. కాబట్టి "పడవను వదలవద్దు" అన్న మాట పుట్టికి, కొయ్య పడవకు వర్తిస్తుంది; మునిగిపోతున్న ఇనుప పడవకు వర్తించదు. అక్కడ ఒంటి మీద వున్న జాకెట్టే పడవ.

బోల్తా పడిన పుట్టి మీదికి అందరూ ఎక్కాలని చూస్తే అది తిరుగుతూనే వుంటుంది, ఎక్కినవారు పడుతూనే వుంటారు. ఎదురెదురుగా నిలిచి, ఛాతీ దాకా నీళ్లలోనే వుండి అంచు పట్టుకోవాలి. నీటిలో వున్న ఒంటికి బరువు తక్కువ గనుక కొద్దిపాటి ఆసరా చాలు. పిల్లలనూ, ఈత రానివారినీ నడుమకు తెచ్చి, వారి చేతులు పుట్టి అడుగు మీదుగా అవతలివారు పట్టుకోవచ్చు. తలలు లెక్కపెట్టుకోవాలి. ఎందరు ఎక్కారో ముందే తెలియకపోతే ఎందరు తక్కువయ్యారో తెలియదు.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. సామర్థ్యానికి మించి ఎక్కారు, ఒంటి మీద జాకెట్లు లేవు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు 26 మంది బయటపడ్డారు. తూటగుంట గ్రామస్తులు తమ నాటు పడవలు వేసుకొని ఎదురువెళ్లి పలువురిని తీశారు. ఆ పడవను అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం వెలికి తీసింది. అప్పటి దాకా పెద్ద పెద్ద యంత్రాలు చేయలేని పని అది.

ఈ కథల్లో తేడా తేల్చింది జాకెట్టు. నీటిలో తల పైకి నిలపడానికి మనిషికి కావలసిన ఆసరా 5 కిలోల లోపే. అందుకే బావి ఈతలో బెండ్లు, సొరబుర్ర కట్టుకున్న పిల్లలు తేలేవారు. లీటరు గాలి సుమారు కిలో బరువును మోస్తుంది. మూత బిగించిన 5 లీటర్ల నూనె డబ్బా దాదాపు 5 కిలోల ఆసరా ఇస్తుంది. జాకెట్టు లేని చోట పడవలో అలాంటి డబ్బాలు రెండు మూడు తాడుతో కట్టి వుంచడం ఏమీ లేనిదానికన్నా మేలు. అది జాకెట్టుకు బదులు మాత్రం కాదు. స్పృహ తప్పినవాడు డబ్బాను పట్టుకోలేడు. జాకెట్టు కూడా తొడుక్కొని, పట్టీలు బిగిస్తేనే పని చేస్తుంది. వదులుగా వుంటే అది తేలుతుంది, మనిషి దానిలో నుంచి జారిపోతాడు. కూర్చునే పీట కింద దాచిన జాకెట్టు తనిఖీకి వచ్చిన అధికారికి చూపడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఒడ్డున వున్నవారు

మునిగేవాడి కోసం దూకినవాడు మునిగిన సంగతులు ప్రతి నిమజ్జనం సీజనులో వింటూనే వున్నాము. ముందు అందించాలి, తర్వాత విసరాలి, ఆ తర్వాత పడవ మీద పోవాలి. దూకడం అన్నిటికన్నా చివర. గడ, తాడు, ఖాళీ డబ్బా – చేతికందినది ఏదైనా సరే. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయంలో నలుగురు యువకులు మునుగుతుంటే, ఒడ్డున వున్న ముగ్గురు ఆడవాళ్లు తమ చీరలు విప్పి విసిరారు. ఇద్దరు బతికారు. చీర ఐదారు గజాల తాడే. ఆ ఆపదలో దాన్ని గుర్తుపట్టిన ఆ తల్లులకు ఆ రాష్ట్ర ప్రభుత్వం పురస్కారం ఇచ్చింది.

ఒడ్డుకు తెచ్చినవాడిని బొర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తిప్పడం, చక్రం మీద వేసి తిప్పడం పల్లెల్లో ఇంకా చేస్తున్నారు. ఇది తప్పు. పొట్టలోని నీళ్లు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. నీళ్లలో మునిగినవాడికి ముందుగా కావలసింది గాలే. తర్వాత ఛాతీ నడుమ రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపరాదు. ఇంకొకరు ఈలోగా ఆ నంబరుకు ఫోను చేయాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపాలి; ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

చేపల పనికి పోయే సంఘాలవారు జాకెట్లు కొనేటప్పుడు రంగు చూసి కొనవద్దు. మనిషి బరువుకు తగిన కొలత చూడాలి. ఇంట్లో వున్న పాతదాన్ని వాన కాలానికి ముందు మోకాలి లోతు నీళ్లలో వేసి, మీద రాయి కట్టి కాసేపు వుంచాలి. 5 కిలోల రాయిని మోయలేకపోతే, దానిలోని బెండు నీళ్లు తాగిందని అర్థం. ఎండలో ఆరబెట్టినా అది మళ్లీ పనికి రాదు.